పల్చని కార్నియా, ఏడు వారాల్లో పెళ్లి: పీఆర్‌కే ఇప్పుడే చేయించుకోవాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ వయసు 25. కుడి కంటికి మైనస్ 5.25, ఎడమ కంటికి మైనస్ 5.75, ఎడమ దానికి ఇంకో మైనస్ 0.75 సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వేసే పవర్) ఉంది. రెండేళ్లుగా పవర్ మారలేదు. కార్నియా, అంటే కంటి ముందు భాగంలో ఉండే పారదర్శకమైన పొర, మందం రెండు కళ్లలోనూ 498 మైక్రాన్ల దగ్గర వచ్చింది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). కళ్లజోడు పోగొట్టే లేజర్ ఆపరేషన్లు లాసిక్, పీఆర్‌కే అని ఉన్నాయి కదా, ఒక ఆసుపత్రిలో లాసిక్ కుదరదు, పీఆర్‌కే చేస్తామన్నారు. ఇంకోచోట వారంలో లాసిక్ చేసేస్తామన్నారు. మాఘమాసంలో పెళ్లి, ఇంకా ఏడు వారాలే ఉంది. ఎవరి మాట వినాలి, నొప్పి ఎంత ఉంటుంది, పెళ్లిలోపు చూపు కుదుటపడుతుందా అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరిచ్చిన అంకెలు చూస్తే పీఆర్‌కే అన్నవాళ్ల మాటే సబబు. కానీ దాన్ని పెళ్లికి ముందు చేయించుకోకండి.

నేను సర్జన్‌ని కాదు, ఆప్టోమెట్రిస్ట్‌ని. విజయవాడలో ఒక కంటి ఆసుపత్రి లేజర్ విభాగంలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు పరీక్షలు, ఆ తర్వాత నెలల తరబడి చెకప్‌లు నా పని. అంటే ఆపరేషన్ అయ్యాక జనం ఏం చెప్పుకుంటారో, దేనికి భయపడతారో రోజూ వింటాను. 2012లో నా కళ్లకు కూడా పీఆర్‌కేనే జరిగింది. నాదీ పల్చని కార్నియానే, 489 మైక్రాన్లు. కింద రాసేదంతా ఆ రెండు అనుభవాల నుంచి.

రెండు ఆసుపత్రులు రెండు మాటలు ఎందుకు చెప్పాయో ఒక చిన్న లెక్కతో చూద్దాం.  కార్నియా మందం సగటున 540 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది.  లేజర్ ఒక్కో డయాప్టర్ పవర్, అంటే మైనస్ 1, తగ్గించడానికి సుమారు 14 మైక్రాన్ల కణజాలం తీసేస్తుంది. మీ ఎడమ కంటికి 5.75, 0.75 కలిపితే 6.5. దాన్ని 14తో గుణిస్తే 91 మైక్రాన్లు. లాసిక్‌లో దీనికి ముందు ఫ్లాప్ అని ఒక మూత లాంటి పొర కోస్తారు, అది సుమారు 110. ఆ పొరను తిరిగి పైన పరిచినా, కోసిన భాగం మళ్లీ కార్నియాకు పూర్వపు బలం ఇవ్వదు. కాబట్టి దాన్ని కూడా పోయినట్టే లెక్కవేస్తారు. 498లోంచి 110, 91 తీసేస్తే మిగిలేది 297.

కనీసం 250 మిగలాలన్నది పాత నియమం. వారంలో చేసేస్తామన్నవాళ్లు బహుశా ఆ నియమాన్నే చూశారు. ఇప్పుడు జాగ్రత్తగా ఉండే సర్జన్లు 300 అయినా ఉండాలంటారు. ఇంకో కొలత కూడా చూస్తారు. ఫ్లాప్, లేజర్ కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటితే తర్వాత కార్నియా వదులై ముందుకు ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. దాన్నే ఎక్టేసియా అంటారు. మీ ఎడమ కంటికి ఆ శాతం 40.4. అంటే సరిగ్గా గీత మీద ఉన్నారు. పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు. పైన ఉండే ఎపిథీలియం అనే పల్చని చర్మం లాంటి పొరను, అంటే సుమారు 50 మైక్రాన్లను, తీసేసి నేరుగా లేజర్ వేస్తారు. ఆ పొర నాలుగైదు రోజుల్లో తనంతట తానే మళ్లీ పెరుగుతుంది. పొర పెరగకముందు లెక్కే వేసినా మీకు 357 మైక్రాన్లు మిగులుతాయి. 297కూ 357కూ తేడా కాగితం మీద చిన్నదే. పాతికేళ్ల వయసులో, ఇంకో యాభై ఏళ్లు వాడుకోవాల్సిన కంటికి ఆ 60 మైక్రాన్లు చాలా పెద్ద ఆస్తి.

"పీఆర్‌కే పాత పద్ధతి కదా, మనకెందుకు" అని మీ అన్నయ్య అన్నారని రాశారు. లాసిక్ కంటే ముందు వచ్చింది నిజమే. ఈ లేజర్ కథలో మనవాడొకరు ఉన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్ అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తూ 1981లో, పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఎక్సైమర్ లేజర్ వేసి చూశారు. పక్క కణజాలం కాలకుండా, గీత గీసినట్టు శుభ్రంగా కోసింది. ఆయన సహచరులతో కలిసి కనిపెట్టిన ఆ గుణం మీదే పీఆర్‌కే, లాసిక్ రెండూ నిలబడ్డాయి. అమెరికాలో పీఆర్‌కేకు 1995లో అనుమతి వచ్చింది. రెండింటిలోనూ పవర్ తీసే లేజర్ అదే. ఆరు నెలల తర్వాత ఎవరికి ఏది చేశారో చార్టు చదివించి చెప్పమంటే నేను చెప్పలేను. తేడా అంతా మొదటి నెలల్లోనే. లాసిక్‌లో మర్నాటికే చూపు వచ్చేస్తుంది. పీఆర్‌కేలో ఓపిక పట్టాలి. పాత పద్ధతి అన్న ఒక్క కారణంతో దాన్ని పక్కన పెట్టకండి.

స్మైల్ అనే ఇంకో లేజర్ పద్ధతి గురించి కూడా అడిగారు. అందులో ఫ్లాప్ ఉండదు గానీ కార్నియా లోపల పల్చని బిళ్ల లాంటి ముక్కను లేజర్‌తో వేరుచేసి చిన్న గాటులోంచి బయటకు లాగుతారు. పైన ఒక టోపీ లాంటి మందం వదలాలి కాబట్టి పల్చని కార్నియాకు దాని వల్ల పెద్దగా కలిసొచ్చేది లేదు. ఐసీఎల్ అంటే కంటి లోపల లెన్స్ పెట్టడం. కార్నియా నుంచి ఏమీ తీయరు, అందుకే పల్చని కార్నియావాళ్లకు అది మంచి దారే. కానీ ఖర్చు ఎక్కువ, కంటి లోపలికి వెళ్లే ఆపరేషన్, లోపల తగినంత చోటు కూడా ఉండాలి. మీ పవర్‌కు పీఆర్‌కే సరిపోతుంటే ముందు దాన్నే ఆలోచించమంటాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మందం కంటే ముఖ్యమైంది కార్నియా ఆకారం. మీ ప్రశ్నలో మందం రాశారు, ఆ ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీ పరీక్ష గురించి ఒక్క మాటా రాయలేదు. పెంటాక్యామ్ లాంటి యంత్రం తీసే రంగురంగుల పటాలు ఉంటాయి. అందులో కార్నియా ముందు వైపు, వెనుక వైపు ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. కెరటోకోనస్ అనే జబ్బు, అంటే కార్నియా కోన్‌లా ముందుకు సాగడం, తొలిదశలో ఉంటే మామూలు అద్దాల పరీక్షలో దొరకదు. తరచుగా అది మొదట వెనుక వైపు పటంలోనే జాడ చూపిస్తుంది. అలాంటి కంటికి లాసిక్ కాదు, పీఆర్‌కే కూడా మామూలుగా చేయరు.

మూడేళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. మీలాగే పెళ్లి కుదిరింది, మీ వయసే. మందం 530, అంటే మీకంటే నయం. వేరే చోట లాసిక్ తేదీ కూడా ఇచ్చేశారు, రెండో అభిప్రాయం కోసం మా దగ్గరికి వచ్చారు. పరీక్ష చేస్తున్నంతసేపూ పిడికిలితో కళ్లు నలుపుకుంటూనే ఉంది. చిన్నప్పటి నుంచి అలర్జీ అట. పాత చీటీలు తెప్పించి చూస్తే సిలిండర్ పవర్ ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. పటం తీస్తే కుడి కంట్లో కింది భాగం వెనుక వైపు ఉబ్బి ఉంది. డాక్టరు గారు లాసిక్ వద్దని చెబితే ఆ పిల్ల అక్కడే ఏడ్చేసింది. చివరికి లాసిక్ బదులు జబ్బు ముదరకుండా కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ అనే చికిత్స చేశారు. కళ్లజోడుతోనే పెళ్లయింది. ఇప్పటికీ ఆరు నెలలకోసారి వస్తుంది, పవర్ కదలలేదు. ఆరోజు లాసిక్ జరిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మీకు కళ్లు నలిపే అలవాటు ఉందా? ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉందా? ఈ రెండూ డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

టోపోగ్రఫీ తీసేముందు కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ఆపాలి. మెత్తని లెన్సులు కనీసం వారం, సిలిండర్ ఉన్నవి రెండు వారాలు, గట్టి లెన్సులు నెల వరకు. లేకపోతే లెన్స్ నొక్కుడుకు కార్నియా ఆకారం తాత్కాలికంగా మారి లెక్క తప్పుతుంది. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనా కూడా చూడాలి. మైనస్ ఎక్కువ ఉన్నవాళ్లకు రెటీనా అంచుల్లో పలచబడ్డ చోట్లు, చిల్లులు ఉండే అవకాశం ఎక్కువ. లేజర్‌తో అద్దాలు పోతాయి గానీ కంటి పొడవు తగ్గదు, ఆ రెటీనా ప్రమాదం అలాగే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కూడా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి.

ఇప్పుడు నొప్పి సంగతి. దీని గురించే మీరు ఎక్కువ భయపడుతున్నారు. బల్ల మీద పడుకున్న ఆ పది నిమిషాల్లో నొప్పి ఉండదు. మత్తు చుక్కలు వేస్తారు, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు, అది కాస్త బిగుతుగా అనిపిస్తుంది. పలచని ఆల్కహాల్‌తో పై పొరను మెత్తబరచి మెల్లగా పక్కకు తోసేస్తారు. తర్వాత మినుకు మినుకుమనే ఒక చుక్క దీపాన్నే చూస్తూ ఉండాలి. అప్పుడు టకటకమని చప్పుడు, వెంట్రుకలు కాలినట్టు వాసన. కన్ను కాలిపోతోందని నాకు ఆ క్షణం భయం వేసింది. ఈ లేజర్ కణజాలంలోని అణువుల బంధాలను తెంచి ఆవిరి చేసే తీరుకు వచ్చే వాసన అది, కాలడం కాదు. లేజర్ సుమారు అర నిమిషం. ఆ వెంటనే మైటోమైసిన్ అనే మందు కొన్ని సెకన్లు పెట్టి కడిగేస్తారు. తర్వాత కార్నియా మీద మబ్బులాంటి మచ్చ రాకుండా అది కాపాడుతుంది. మీ పవర్‌కు అది అవసరమే. చివర్లో పవర్ లేని బ్యాండేజ్ లెన్స్ పెట్టి ఇంటికి పంపిస్తారు.

అసలు బాధ ఇంటికి వెళ్లాక. మత్తు దిగిన రెండు మూడు గంటలకు కళ్లలో కారం పడ్డట్టు మంట, ధారగా నీళ్లు. రెండో రోజు, మూడో రోజు బాగా కష్టం. నేను ఆ రెండు రోజులూ కిటికీలకు దుప్పట్లు కట్టించుకుని చీకటి గదిలోనే ఉన్నాను. ఇచ్చిన నొప్పి మాత్రలు నొప్పి వచ్చాక కాకుండా చెప్పిన టైముకు వేసుకుంటే చాలా తేడా ఉంటుంది. మూసిన రెప్పల మీద శుభ్రమైన చల్లటి గుడ్డ పెట్టుకోవచ్చు, అదమకూడదు. అందరికీ ఇంత నొప్పి ఉండదు, కొందరు ఇసుక పడ్డట్టుంది అంతే అంటారు. మీకు ఎలా ఉంటుందో ముందే చెప్పలేం కాబట్టి ఎక్కువే ఉంటుందనుకుని సిద్ధపడండి.

మత్తు చుక్కలు మాత్రం ఇంటికి తెచ్చుకోకండి, మెడికల్ షాపులో అడగకండి. ఒక కుర్రాడు నొప్పి తట్టుకోలేక తెలిసినవాళ్ల ద్వారా అవి సంపాదించి గంటకోసారి వేసుకున్నాడు. ఆ చుక్కలు పదే పదే పడితే పొర పెరగదు. ఐదు రోజుల్లో మానాల్సిన పుండు అతనికి మూడు వారాలు పట్టింది, మధ్యలో మచ్చ మిగిలింది. మంచి పిల్లవాడు, నొప్పికి తట్టుకోలేక చేశాడు, ఎవరూ ముందుగా హెచ్చరించలేదు.

నాలుగో రోజుకు మంట దిగిపోతుంది. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అప్పుడే చూపు ఇంకా మసకబారుతుంది. అన్ని వైపుల నుంచీ పెరిగే కొత్త పొర కార్నియా మధ్యలో వచ్చి కలుసుకునే సమయం అది. ఆ అతుకు గీత చూపుకు అడ్డొస్తుంది. "నిన్నటి దాకా బాగానే కనిపించింది, ఇవాళ పాడైపోయింది" అని నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది నాలుగో ఐదో రోజునే. టెన్షన్ పడాల్సిన పనిలేదు. అయితే నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా, కన్ను ఎర్రబడి చీము లాంటిది వచ్చినా మాత్రం అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. అది ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఐదో రోజు ప్రాంతంలో పొర పూర్తిగా మూసుకుందని చూసి లెన్స్ తీస్తారు. వారానికి ఇంట్లో మీ పనులు మీరు చేసుకోగలరు. ల్యాప్‌టాప్ పనైతే రెండు వారాల సెలవు పెట్టండి, నాలుగు రోజులు పెట్టి తర్వాత అవస్థ పడిన సాఫ్ట్‌వేర్ వాళ్లను చాలామందిని చూశాను. అక్షరాల పక్కన నీడ కనిపిస్తుంది, పొద్దున బాగుండి సాయంత్రానికి మసకవుతుంది, దీపాల చుట్టూ వలయాలు వస్తాయి. మూడో నాలుగో వారానికి చాలావరకు సర్దుకుంటుంది. కానీ స్థిరమైన, స్పష్టమైన చూపుకు మూడు నెలలు లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు మీ పెళ్లి తేదీకి వద్దాం. రేపే ఆపరేషన్ జరిగినా ముహూర్తానికి మీది ఏడో వారం. అంటే చూపు బాగానే ఉంటుంది, కానీ ఇంకా కదులుతూ ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు ఇంకా తగ్గిస్తూ వేసుకుంటూనే ఉంటారు. కళ్లు బాగా ఎండిపోతుంటాయి. ఆ స్థితిలో మన పెళ్లి తంతు ఒక్కసారి ఊహించుకోండి. నలుగు పెట్టి మంగళస్నానం, కంటి నిండా కాటుక, తెల్లవారుజామున హోమం పొగ, వీడియో లైట్లు, నిద్ర లేని రెండు రాత్రులు, చివర్లో తలంబ్రాలు. దోసిళ్లతో ముఖం మీదికి వచ్చే పసుపు బియ్యాన్ని ఆపమని ఎవరికి చెబుతారు? వారంలో లాసిక్ చేయించుకున్నా ఇదే భయం. ఫ్లాప్ అతుక్కుంటుంది గానీ గట్టి దెబ్బకు కదలగలదు. మా దగ్గర ఒకామెకు నెలలోపే చంకలోని పాప గోరు తగిలి ఫ్లాప్ మడత పడింది. వెంటనే వచ్చింది కాబట్టి ఎత్తి సరిచేయగలిగారు.

పైగా మొదటి వారం తలస్నానం ఉండదు, కళ్లలో నీళ్లు పడకూడదు. నెల రోజులు కాటుక, ఐలైనర్ వద్దు. ఎండలోకి వెళ్లినప్పుడల్లా యూవీ ఆపే చల్లద్దాలు పెట్టుకోవాలి, అవి కొన్ని నెలల పాటు. పెళ్లి షాపింగు, పిలుపులు తిరగాల్సిన రోజుల్లో ఇవన్నీ పాటించడం కష్టం.

పెళ్లి ఫొటోల్లో కళ్లజోడు వద్దన్నది అమ్మగారి కోరిక అని రాశారు. దానికి వేరే దారి ఉంది. రోజువారీ పారేసే మెత్తని కాంటాక్ట్ లెన్సులు ఇప్పుడే ఆప్టోమెట్రిస్ట్ దగ్గర కొలతలిచ్చి తీసుకోండి, ఎడమ కంటికి సిలిండర్ ఉన్నది అడగండి. పెట్టడం, తీయడం ఈ నెలలోనే నేర్చుకోండి, పెళ్లి పీటల మీద మొదటిసారి పెట్టుకోకండి. అవి పెట్టుకుని ఒక్క గంట కూడా నిద్రపోవద్దు. మంగళస్నానం అయ్యాకే పెట్టుకోండి. పొగకు మండితే తీసేయాల్సి రావచ్చు, అందుకే ఒక జత అదనపు లెన్సులు, మీ కళ్లజోడు తోటి పెళ్లికూతురి సంచిలో ఉండాలి.

పెళ్లయ్యాక ఎప్పుడు చేయించుకోవాలన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఒంట్లో మార్పులకు పవరూ కార్నియా కొలతలూ కదలగలవు, మందులు వాడటం కూడా ఇబ్బంది. అందుకే ఆ సమయంలో చేయరు. పిల్లల ఆలోచన ఏడాది ఆగుతుందంటే పెళ్లయిన రెండో నెలలో చేయించుకుని, చుక్కలన్నీ ఆగిపోయి మూడు నెలల చెకప్‌లో పవర్ స్థిరపడ్డాక ముందుకు వెళ్లొచ్చు. వెంటనే కావాలనుకుంటే పాపాయి పాలు మానేసి కొన్ని నెలలయ్యాక చేయించుకోండి. ఏదైనా తప్పేం లేదు, మీ కార్నియా ఎక్కడికీ పోదు.

స్టెరాయిడ్ చుక్కలు వాడేటన్ని రోజులు కంటి ఒత్తిడి చూపించుకోవాలి, కొందరికి అది మెల్లగా పెరుగుతుంది, తెలియను కూడా తెలియదు. చూపు బాగుంది కదా అని నెల చెకప్‌కు రానివాళ్లే ఎక్కువ. దయచేసి మీరు అలా చేయకండి. కళ్లు ఎండిపోవడం మొదటి మూడు నెలలు ఎక్కువ, చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తగ్గుతుంది. కన్నీటి చుక్కలు అప్పటిదాకా జేబులో ఉండాలి.

ఇంకొన్ని చిన్న విషయాలు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, 7.5 డయాప్టర్ల కంటే తక్కువ పవర్‌కు మామూలు హెల్త్ పాలసీలు డబ్బు ఇవ్వవు. మీ తమ్ముడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు ప్రిపేర్ అవుతున్నాడని, అతనికీ చేయిద్దామని రాశారు. అతనికి వద్దు. ఆ పోస్టుకు లేజర్ చేయించుకున్నవాళ్లను మెడికల్‌లో తీసుకోరు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకైనా నోటిఫికేషన్‌లో కంటి నియమాలు చదవకుండా కత్తి జోలికి, లేజర్ జోలికి వెళ్లకూడదు. నలభై దాటాక దగ్గరి చూపుకు అద్దాలు వస్తాయి, లేజర్ దాన్ని ఆపదు. ఆపరేషన్‌కు ముందు తీసిన పవర్, కార్నియా కొలతల కాగితాలు జాగ్రత్తగా దాచండి. అరవైల్లో శుక్లాల ఆపరేషన్ అవసరమైతే లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కకు అవి పనికొస్తాయి. నావి మా ఇంటి పత్రాలతో పాటు బీరువాలో ఉన్నాయి.

నేను చెప్పింది మీరు రాసిన అంకెల మీద ఆధారపడిందే, చివరి మాట మీ పటాలు చూసిన సర్జన్‌దే. రెండు ఆసుపత్రుల్లోనూ టోపోగ్రఫీ కాగితాలు అడిగి తీసుకోండి, అవి మీ హక్కు. మీ పేరు, ఆసుపత్రి పేరు కనిపించకుండా మూసి, రెండు కళ్ల పటాలూ ఇక్కడ పెట్టండి. వెనుక వైపు ఎత్తు చూపే పటం తప్పకుండా ఉండేలా చూడండి. ఆదివారం తీరిగ్గా చూసి, డాక్టరును మీరు ఏమేం అడగాలో రాస్తాను.